వాగ్గేయకారుడు, వంత, క్యాసెట్టు: తెలంగాణ ప్రజాగేయ ధ్వనిముద్రణలో కర్తృత్వ సమస్య

వ్యాససంగ్రహం

పాటను తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడే కళాకారుని పేరుమీద స్టూడియోలో రూపొందే ఏకగాయక ఆల్బమ్ అమెరికా జానపద, జానపద రాక్ సంప్రదాయాల్లో ప్రధాన రూపంగా స్థిరపడింది. అటువంటి కళాకారులు తెలంగాణలో సమృద్ధిగా ఉన్నప్పటికీ వారి పాట ఆ రూపంలో నిలవలేదు. సభ, పాటల పుస్తకం, క్యాసెట్టు, సినిమా అనే నాలుగు తోవల్లో అది సాగింది. ఈ ప్రయాణంలో రచయిత పేరు, బాణీ మూలం, గాయకుని గొంతు ఒకదాని నుండి మరొకటి విడిపోయిన తీరును ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వాగ్గేయకారుడు, మాతువు, ధాతువు, ప్రజాగేయం, క్యాసెట్టు, గద్దర్, మా భూమి.

1. ఉపోద్ఘాతం

శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో రచించిన సంగీతరత్నాకరం వాగ్గేయకారుని లక్షణం చెబుతూ పాటను రెండుగా విడదీసింది. మాట భాగం మాతువు, సంగీత భాగం ధాతువు. రెండింటినీ తానే కూర్చగలవాడు వాగ్గేయకారుడు. ఇతరుల ధాతువుకు తన మాతువును అమర్చేవానికి ఆ గ్రంథం కుట్టికారుడు అని వేరే పేరు పెట్టింది. ఆ వర్గీకరణలో అతనిది గొప్ప స్థానమేమీ కాదు.

నేటి తెలుగు విమర్శ గద్దర్, గోరటి వెంకన్న, అందెశ్రీ వంటివారిని వాగ్గేయకారులని పిలుస్తున్నది. గౌరవార్థంలో ఈ ప్రయోగం సమంజసమే. అయితే శాస్త్ర పరిభాషను అక్షరాలా పాటిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రజాగేయ రచయిత చాలా సందర్భాల్లో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు పాడుకొనే వరుసను, నాట్లు వేసే కూలీల పాటను, ఒగ్గు కథకుని నడకను తీసుకొని దానిమీద కొత్త మాట కూరుస్తాడు. ఆ వరుసకు ఫలానావాడు కర్త అని చెప్పడానికి లేదు. శార్ఙ్గదేవుని లెక్క ప్రకారం ఈ రచయిత కుట్టికారుడే. కాని ప్రజాగేయానికి బలం వచ్చేదే అక్కడ. విన్నవారికి బాణీ ముందే తెలిసి ఉంటుంది కనుక రెండో చరణానికే వంత అందుకుంటారు. పరాయి ధాతువును స్వీకరించడం శాస్త్రంలో లోపమైతే, ఊరి నడుమ అది అవసరం.

పాట నోటి నుండి నోటికి సాగినంత కాలం ఈ చిక్కు ఎవరినీ బాధించలేదు. ధ్వనిముద్రణ వచ్చిన తరువాత పాటకు ఒక చీటీ అంటించవలసి వచ్చింది. ఆ చీటీపై ఎవరి పేరు రాయాలన్నదే ఈ వ్యాసంలో చర్చించే ప్రశ్న.

2. ఆల్బమ్ అనే రూపం

ఆల్బమ్ అన్న మాటకు సంగీతంలో మొదటి అర్థం పుస్తకంలా కుట్టిన అట్టల సంచి. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులను ఫొటోల పుస్తకంలోవలె ఆ సంచుల్లో పెట్టి అమ్మేవారు. రికార్డుకు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. అమెరికా జానపద గాయకుడు వుడీ గుత్రీ 1940లో విక్టర్ కంపెనీకి పాడిన ‘డస్ట్ బౌల్ బ్యాలడ్స్’ ఆ విధంగా రెండు సంచుల్లో, ఒక్కొక్కదానిలో మూడేసి రికార్డులతో వెలువడింది. దుమ్ము తుఫానుల్లో పొలాలు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు వలసపోయిన రైతుల కథ అందులో వస్తువు. ఒకే గాయకుడు, ఒకే వస్తువు, ఆద్యంతం ఒకే గొంతు: ఏకగాయక ఆల్బమ్‌కు తొలి నమూనాల్లో ఒకటిగా దానిని పరిగణిస్తారు.

అందులోని ‘టామ్ జోడ్’ అనే కథాగేయం మూడు నిమిషాల్లో ఇమడలేదు. దానిని రికార్డుకు రెండు వైపులా రెండు భాగాలుగా నరకవలసి వచ్చింది. పైగా ఆ పాట బాణీ గుత్రీ సొంతం కాదు. ‘జాన్ హార్డీ’ అనే పాత జానపద గేయానిది. బాబ్ డిలన్ ప్రసిద్ధ గీతం ‘బ్లోయింగ్ ఇన్ ద విండ్’ కూడా నల్లజాతి బానిసల నాటి ఒక పాట వరుస నుండే పుట్టింది. 1965లో డిలన్ విద్యుత్ గిటారు చేతబట్టి న్యూపోర్ట్ జానపదోత్సవ వేదిక ఎక్కినప్పుడు శ్రోతల్లో ఒక వర్గం నిరసించింది. జానపద రాక్ అన్న పేరు పత్రికల్లో స్థిరపడింది ఆ సంవత్సరమే. వాయిద్యం మారిందని అంత గొడవ జరిగింది గాని, బాణీ ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్న అంతగా వినబడలేదు. అమెరికా జానపద గాయకులు కూడా కుట్టికారులే. వారి పేరును పాటకు గట్టిగా ముడివేసినవి కంపెనీ ఒప్పందం, అట్టమీది ఫొటో, ప్రచురణ హక్కు. తెలుగునాట ఈ మూడూ ప్రజాగేయానికి దూరంగానే ఉండిపోయాయి.

3. గ్రామఫోను నాటి జానపదం

భారతదేశంలో గ్రామఫోను కంపెనీ ధ్వనిముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. తెలుగు రికార్డుల్లో నాటక పద్యాలదే చాలా కాలం పైచేయి. జానపద గేయానికి రికార్డుల్లోనూ, రేడియోలోనూ, పట్టణ వేదికలపైనా గౌరవస్థానం కల్పించినవారిలో వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత ముఖ్యులు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్ళైన ఈ ఇద్దరూ పల్లె పాటలను సేకరించి, స్వరపరచి, శ్రుతిశుద్ధంగా పాడారు. వారి కృషి లేకపోతే ఎన్నో వరుసలు నాటితరంతోనే అంతరించేవి. అయితే పొలంలో పాడినంత సేపు సాగే పాట మూడు నిమిషాల రికార్డులోకి వచ్చేసరికి దంపుళ్ళ పాటకు రోకటి పోటు పోయి తబలా వచ్చింది. ఆశువుగా చేరే చరణాలకు, పక్కవారి ఎకసెక్కాలకు అక్కడ చోటు లేదు.

అదే కాలంలో వేరొక ప్రవాహం రికార్డులతో నిమిత్తం లేకుండా సాగింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ కథనంగా మలచింది. షేక్ నాజర్ గొంతులో ఆ కళ శిఖరాన్ని అందుకుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, యక్షగానం వంటి రూపాలను చేపట్టి ఊరూరా తిరిగాడు. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరు రాజకీయం చెబితే మరొకరు హాస్యం చెబుతారు. ఒక్క గొంతుతో కథ నడవని ఈ నిర్మాణాన్ని గుర్తుంచుకోవాలి. తరువాతి ప్రజాగేయకారులకు తాత్వికంగానే కాక సంగీతపరంగా కూడా ‘ఏకగాయకత్వం’ పరాయిదిగా తోచడానికి మూలం ఇందులో ఉంది.

4. ‘మా భూమి’: ఒక పాట, ముగ్గురు మనుషులు

కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు తదితరులు నిర్మించిన ‘మా భూమి’ 1980లో విడుదలైంది. పైన చెప్పిన రెండు ప్రవాహాలూ ఆ సినిమాలో కలిశాయి. సంగీతం సమకూర్చినవారిలో వింజమూరి సీత ఒకరు, మరొకరు నాగభూషణం. హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటను సంధ్య పాడింది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాలికి గజ్జెలతో తెరమీద కనిపించి ‘బండెనక బండి కట్టి’ పాడినవాడు గద్దర్.

ఈ చివరి పాట రచయిత బండి యాదగిరి. సాయుధ పోరాటంలో పాల్గొని ప్రాణాలు కోల్పోయిన పోరాటకారుడు. అతని పాట మూడు దశాబ్దాల పాటు జనం నోట బతికి, సినిమా ద్వారా మొత్తం తెలుగుదేశానికి చేరింది. నాటి నుండి నేటి వరకు సగటు శ్రోత మనసులో అది గద్దర్ పాట. ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. సొంతమని ఆయన చెప్పుకోలేదు. ఆ పాట చరిత్ర తెలిసిన విమర్శకులు యాదగిరి పేరును పదే పదే గుర్తుచేస్తూనే ఉన్నారు. అయినా గొంతు గెలిచింది, కలం మరుగున పడింది.

ఎందుకిలా జరిగిందో ఆలోచించాలి. తెలుగు కీర్తనకారులు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించినట్టు చివరి చరణంలో ముద్ర వేసేవారు. పాట ఎంత దూరం పోయినా కర్త పేరు దానితోపాటే పోయేది. ఉద్యమ గేయకారుడు ముద్ర వేయడు. పోలీసుల కంటపడకుండా ఉండవలసిన అవసరం ఒక కారణం. పాట ఉద్యమానిదే గాని వ్యక్తిది కాదన్న నమ్మకం మరొక కారణం. రెండో కారణాన్ని విమర్శకులు తరచు ఉదాత్తంగా వర్ణిస్తారు. దాని మూల్యం మాత్రం అందరిమీదా సమానంగా పడలేదు. వేదికమీద నిలబడి పాడగలిగినవాని పేరు నిలిచింది. ముందే చనిపోయినవాని పేరు, పాడే అవకాశం లేని స్త్రీల పేర్లు, వరుస అందించిన ఊరి పేరు నిలవలేదు.

5. క్యాసెట్టు కాలం

మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఇంజనీరింగు చదువు మధ్యలో వదిలి, బ్యాంకు ఉద్యోగంలో చేరి, దానిని కూడా విడిచాడు. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో ఆయనది ప్రధాన గొంతు. గద్దర్ అన్న పేరు వలస పాలన నాటి గదర్ పార్టీ నుండి వచ్చింది. పాటలో ముద్ర వేయని ఉద్యమంలో ఈ మారుపేరే క్రమంగా ముద్ర అయింది.

ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్టు 1980లలో భారతదేశంలో చవకై ఇంటింటికీ చేరింది. ఉత్తర భారతంలో ఈ మార్పు ప్రాంతీయ సంగీతాన్ని పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం నుండి ఎట్లా విడిపించిందో పీటర్ మాన్యుయెల్ 1993లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. తెలంగాణలో క్యాసెట్టు చేసిన పని దానికి కొంత భిన్నం. ఇక్కడ అది సరుకుకన్నా కరపత్రానికి దగ్గర.

రూపం విషయంలో క్యాసెట్టు ప్రజాగేయానికి మేలే చేసింది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కో వైపు అరగంట పాట పడుతుంది. మూడు నిమిషాల కత్తెర లేదు. గద్దర్ ప్రదర్శనలో పాటకు, మాటకు నడుమ గోడ ఉండదు. పాట సగంలో ఆగుతుంది. ఒక తల్లి కొడుకుతో మాట్లాడినట్టో, కూలీ దొరను నిలదీసినట్టో సంభాషణ సాగుతుంది. ఆ మాటలోనే లయ మొదలై తిరిగి పల్లవి అందుకుంటుంది. ఒగ్గు కథ, బుర్రకథ, వీధి భాగవతం నేర్పిన ఈ నడక గ్రామఫోను రికార్డులో పట్టేది కాదు. గుత్రీ తన కథాగేయాన్ని రెండు ముక్కలు చేయవలసి వచ్చిన ఇబ్బంది క్యాసెట్టు కాలపు తెలుగు గాయకునికి లేదు.

పోయినవీ ఉన్నాయి. గద్దర్ పాటలో సగం ఆయన దేహం. గొంగడిని ఒకసారి ఉయ్యాలగా, మరొకసారి శవంమీద గుడ్డగా, ఇంకోసారి జెండాగా మార్చే అభినయం టేపుమీద ఎక్కదు. ప్రతులు తీసే పద్ధతి కూడా పాటను అరగదీసింది. ఒక క్యాసెట్టు నుండి మరొకటి, దాని నుండి ఇంకొకటి తీస్తూ పోతే ప్రతిసారీ బుసబుస శబ్దం పెరుగుతుంది, హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు ముందుగా మసకబారుతాయి. ఎన్నో చేతులు మారిన ప్రతిలో మొదట పోయేది గజ్జెల చప్పుడు. డప్పు, గొంతు కొంతకాలం నిలుస్తాయి. అట్టమీది వివరాలు రెండో ప్రతికే మాయమవుతాయి. తెల్ల చీటీమీద పెన్నుతో ‘గద్దర్ పాటలు’ అని రాసి ఉంటుంది. ఆ చీటీ కింద గూడ అంజయ్య పాట ఉండవచ్చు, వంగపండు ప్రసాదరావు పాట ఉండవచ్చు. అన్నీ ఒక్క పేరు కిందికే చేరాయి. ఏకగాయక ఆల్బమ్ తెలుగునాట పుట్టలేదనుకుంటే, శ్రోతలే తమకు తెలియకుండా ఇట్లా ఒకదాన్ని తయారుచేశారనవచ్చు.

1985 జూలైలో కారంచేడు దళితులపై జరిగిన హత్యాకాండ తరువాత గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో తిరిగి జనం ముందుకు వచ్చాడు. నడిమి ఐదేళ్ళు ఆయన దేహం కనిపించలేదు. గొంతు మాత్రం క్యాసెట్టులో వినిపిస్తూనే ఉంది. చిలీ గాయకుడు విక్టర్ హారాను 1973 సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం చంపిన తరువాత ఆయన భార్య టేపులను దేశం దాటించి పాటను కాపాడింది. ఆ రికార్డులకు కంపెనీ, అట్ట, తేదీ ఉన్నాయి గనుక తరువాతి తరం వాటిని క్రమంలో పేర్చగలిగింది. తెలంగాణ క్యాసెట్టుకు ఆ ఆధారాలు లేవు. ఏ పాట ఏ ఏడు, ఏ గదిలో, ఏ వాయిద్యకారులతో ముద్రించారో టేపు చెప్పదు. డోలకి వాయించినవాని పేరు గాని, వంత పాడిన ఆడపిల్ల పేరు గాని దానిమీద ఉండదు.

1997 ఏప్రిల్ 6న ఇంటి వద్ద గద్దర్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలో మిగిలిన తూటాతోనే మరో పాతికేళ్ళు పాడి, 2023 ఆగస్టు 6న మరణించాడు. సినిమాతో ఆయన సంబంధం ఎప్పుడూ ఒడిదుడుకులదే. 1995 నాటి ‘ఒరేయ్ రిక్షా’లో ఆయన రాసిన ‘మల్లెతీగకు పందిరివోలె’ను వందేమాతరం శ్రీనివాస్ పాడగా, రచనకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన స్వీకరించలేదు. 2011లో ‘జై బోలో తెలంగాణ’ కోసం ‘పొడుస్తున్న పొద్దుమీద’ను తానే రాసి తానే పాడాడు. ఒకప్పుడు యాదగిరి పాటకు గొంతైనవాడు ఇక్కడ తన మాటకు తానే గొంతు.

6. పల్లె పాట, నగరం అంచు

గోరటి వెంకన్న విషయంలో పాట, పేరు అంతగా విడిపోలేదు. ‘ఏకునాదం మోత’, ‘రేల పూతలు’, ‘అలసేంద్రవంక’ అంటూ పుస్తకాలుగా పాటలను వెలువరించడం అందుకు ముఖ్య కారణం. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించడంతో పాట సాహిత్యమా అన్న పాత శంకకు కూడా సమాధానం దొరికింది. అచ్చు మాతువును కాపాడింది. ధాతువు మాత్రం పుస్తకంలో లేదు. పాటల పుస్తకాల్లో శీర్షిక కింద ‘ఫలానా పాట వరుస’ అని ఒక ముక్క రాసే అలవాటు నాటకాల కాలం నుండి ఉంది. ఆ మూల వరుస తెలిసినవారు పోయాక ఆ సూచన ఎవరికీ ఉపయోగపడదు. అన్నమయ్య రాగిరేకుల్లో రాగం పేరు నిలిచి బాణీ పోయిన కథ ఇంచుమించు ఇదే.

వెంకన్న రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమా ద్వారా వందేమాతరం శ్రీనివాస్ గొంతులో వ్యాపించింది. ప్రపంచీకరణ కింద కులవృత్తులు చితికిపోవడం అందులో వస్తువు. హైదరాబాదును ఆనుకొని ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆ పాట వినడం వేరు, దూరపు పాలమూరులో వినడం వేరు. జల్‌పల్లి వంటి ఊరు గ్రామ పంచాయతీ దశ దాటి పురపాలికగా మారింది. పల్లె అన్న మాట ఊరి పేరులో మాత్రమే మిగిలింది. కుమ్మరి వాము, సాలెల మగ్గం ఎండిపోయిన పల్లె గురించి పాట చెబుతుంటే, నగరం అంచున పల్లె ఎండిపోవడానికి బదులు ప్లాట్లుగా మారింది. వెంకన్న పాటలోని దుఃఖం ఈ రెండో మార్పుకు పూర్తిగా సరిపోదు. అయినా అక్కడి సభల్లోనూ జనం ఆ పాటనే కోరుకున్నారు. నగరం మింగిన పల్లెకు తనదైన పాట రావడానికి ఇంకా కొంతకాలం పట్టింది.

7. మాతువు ఒకరిది, ధాతువు మరొకరిది

1957 నాటి భారత కాపీరైట్ చట్టం పాటను ఒక్క వస్తువుగా చూడదు. సాహిత్య రచన, సంగీత రచన, ధ్వనిముద్రణ వేర్వేరు హక్కులు. 1994 సవరణ ప్రదర్శకుని హక్కును చేర్చింది. 2012 సవరణ రచయిత, స్వరకర్తల రాయల్టీని బలపరచింది. శార్ఙ్గదేవుని మాతు ధాతు విభజనను చట్టం తనకు తెలియకుండానే పాటిస్తున్నదన్నమాట. ఊరు కట్టిన వరుసకు మాత్రం ఇందులో చోటు లేదు. కర్త పేరు లేని బాణీని ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకొని స్వల్పంగా మార్చినవాడు ఆ మార్పుకు స్వరకర్తగా నమోదు కావచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో సినిమాలకెక్కిన జానపద గీతాల చుట్టూ లేచిన వివాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

రాష్ట్రగీతం విషయంలో ఈ విభజన అందరి కళ్ళకూ కట్టింది. అందెశ్రీ రాసి, తన బాణీలోనే ఉద్యమ సభల్లో పాడిన ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్ 2న రాష్ట్రగీతంగా వెలువడినప్పుడు దానికి స్వరకల్పన చేసినవాడు కీరవాణి. తెలంగాణ పాటకు తెలంగాణ స్వరకర్త ఉండవద్దా అన్న వాదన పత్రికలకెక్కింది. ప్రాంతం పేరున జరిగిన ఆ చర్చలో అసలు మెలిక పక్కకు జరిగింది. వాగ్గేయకారుడని పిలిచిన కవి దగ్గర మాతువును మాత్రమే తీసుకొని ధాతువును వేరొకరికి అప్పగించినప్పుడు, ఆ పిలుపుకు మిగిలిన అర్థం ఏమిటి? ఈ ప్రశ్నను ఆనాడు గట్టిగా అడిగినవారు తక్కువ.

8. గిటారు వచ్చిన తరువాత

హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం గిటారు, డ్రమ్సు నడుమ తెలుగు పల్లె నుడిని నిలిపింది. జానపద రాక్ అన్న మాట తెలుగులో సరిగ్గా అతికేది ఇటువంటి చోటనే. ఊరు విడిచి పట్నం చేరినవాడు తిరిగి ఊరికి పోతానని పాడే ‘ఊరెళ్ళిపోతా మామా’ ఆ బృందానికి పేరు తెచ్చింది. ప్రధాన గాయకుడు రామ్ మిరియాల తరువాత ‘జాతిరత్నాలు’లోని చిట్టి పాటతో సినిమా శ్రోతలకు పరిచయమై, ‘డీజే టిల్లు’ పాటతో స్వరకర్తగా కూడా నిలదొక్కుకున్నాడు. 2020లో కరోనా జాగ్రత్తలపై చౌరస్తా విడుదల చేసిన పాట కొద్ది రోజుల్లోనే ఊరూరా మోగింది. గ్రామఫోను నాటి మూడు నిమిషాల విడి పాట యూట్యూబులో ఈ విధంగా తిరిగి వచ్చింది. క్యాసెట్టు ఇచ్చిన అరగంట నిడివి, అందులో పాటకూ పాటకూ నడుమ సాగిన మాట ఇక్కడ కనిపించవు. అయితే వీడియో కింద రచయిత, స్వరకర్త, గాయకుడు, గిటారు వాయించినవాడు, ధ్వనిమిశ్రమం చేసినవాడు, అందరి పేర్లూ వరుసగా ఉంటాయి. జననాట్యమండలి క్యాసెట్టులో డోలకి వాయించినవానికి దక్కనిది అదే.

ఆ క్యాసెట్టులు ఇప్పటికీ ఇళ్ళ అటకలమీద, పాత బీరువాల్లో ఉన్నాయి. అయస్కాంత టేపు తేమకు, వేడికి త్వరగా పాడవుతుంది. వాటిని సంఖ్యారూపంలోకి మార్చేటప్పుడు పాట మొదటి పంక్తితో పాటు మూల వరుస పేరు, వంత గొంతులు, వాయిద్యాలు, ప్రతి దొరికిన ఊరు నమోదు చేసే పద్ధతి అవసరం. గాయకుని పేరు ఒక్కటే నమోదు చేస్తే తెల్ల చీటీమీది ‘గద్దర్ పాటలు’ అన్న రాతే కంప్యూటరులోకి ఎక్కుతుంది. నాటి బృందాల్లో వంత పాడినవారు, డప్పు కొట్టినవారు కొందరు ఇంకా ఉన్నారు. టేపు వినిపిస్తే ఏ గొంతు ఎవరిదో, ఆ వరుస ఏ ఊరి నుండి వచ్చిందో చెప్పగలవారు వారే.